యమహా, కోర్గ్, నడుమ మన దరువు

ఉమ్మడి నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా కీబోర్డు వాయించేవాళ్లు నలుగురు కలిస్తే మాట చివరికి ఒక దగ్గరికే వస్తుంది. యమహా తీసుకోవాలా, కోర్గ్ తీసుకోవాలా? రెండింటిలో ఏది కొన్నా లక్ష రూపాయల పైమాటే. పెళ్లి ఆర్కెస్ట్రాలోనో, చర్చిలోనో, అయ్యప్ప పడిపూజ భజనలోనో వాయించి ఇల్లు గడుపుకునే మనిషికి అది చిన్న మొత్తం కాదు. అప్పు చేసి కొన్నవాళ్లే ఎక్కువ. అందుకే రెండు పక్షాలూ ఇన్నేళ్లుగా చెబుతూ వస్తున్న మాటలను ఒక దగ్గర పోగేసి, మన వేదికల మీద ఏది ఎంతవరకు నిలబడుతుందో పరీక్షించి చూడాలనిపించింది.

అరేంజర్ కీబోర్డు సంగతి తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఎడమచేత్తో కార్డు పట్టుకుంటే డ్రమ్ము, బేస్, గిటారు, వయొలిన్ల గుంపు అన్నీ ఆ కార్డు వెంబడి మారుతూ నడుస్తాయి. కుడిచేయి పాట వాయిస్తుంది. పాటకు ముందు ఇంట్రో, నడకకు నాలుగు వేరియేషన్లు, మలుపు దగ్గర ఫిల్, చివర ఎండింగ్. ఈ మూటకే స్టైల్ అని పేరు. ఆరుగురు చేసే పని ఒక్కరే చేయగలిగే ఏర్పాటు ఇది. కోర్గ్ 1993లో ఐ3తో ఈ బాట పట్టింది. యమహా 2002లో టైరోస్ తెచ్చింది. ఇప్పుడు మన దగ్గర వాదం నడిచేది ప్రధానంగా కోర్గ్ పీఏ700కూ, దాని తర్వాత 2019లో వచ్చిన యమహా పీఎస్‌ఆర్-ఎస్‌ఎక్స్700కూ నడుమ. జేబు అంత బరువు లేనివారికి యమహా మన దేశం కోసమే చేసిన పీఎస్‌ఆర్-ఐ455, ఐ500 ఉన్నాయి. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 కూడా చాలామంది దగ్గర కనిపిస్తుంది గానీ అది సింథసైజర్. కార్డు వెంబడి నడిచే స్టైల్ అందులో ఉండదు కాబట్టి ఈ పోలికలోకి తేవడం లేదు.

ఈ పెట్టెలు ఎక్కడ పుట్టాయో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. కోర్గ్ పీఏ శ్రేణికి రూపకల్పన జరిగేది ఇటలీలో, ఒసిమో అనే ఊళ్లో. దాని పక్కనే ఉన్న కాస్తెల్‌ఫిదార్దో అకార్డియన్‌ల తయారీకి ప్రపంచమంతా పేరున్న ఊరు. యూరప్ పల్లెల్లో పెళ్లిళ్లకు, నాట్యాలకు ఒక్కడే అకార్డియన్ పట్టుకుని వచ్చి రాత్రంతా వాయించే ఆనవాయితీ ఉంది. ఆ మనిషి చేతికి ఇచ్చిన కొత్త వాద్యమే అరేంజర్. వాల్ట్జ్, పోల్కా, ఆ నేల మీది పాప్ పాట దాని అసలు బతుకు. ఆ తర్వాత టర్కీ, అరబ్బు దేశాల్లో పెద్ద బజారు దొరికి జుర్నా, నేయ్, దర్బుకా లాంటి శబ్దాలు బాగా చేరాయి. పావు స్వరాలు పలికించే స్కేలు బటన్లు వచ్చిందీ ఆ బజారు కోసమే. జపాన్ యమహా కూడా ముందు చూసుకునేది యూరప్, అమెరికా శ్రోతలనే. కనుక సూర్యాపేటలోనో వనపర్తిలోనో పెట్టె విప్పేసరికి అందులో మన పాట ఉండదు. యమహాలోనూ ఉండదు, కోర్గ్‌లోనూ ఉండదు. రెండు పక్షాలవాళ్లూ మరిచిపోయేది ఇదే.

బయటి నుంచి వచ్చిన మెట్ల వాద్యం ఈ నేలకు కొత్తేమీ కాదు. 1890 నాటికి రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీలు నల్లగొండలో స్థిరపడ్డారు. పాలమూరులో అమెరికన్ బాప్టిస్టులు అప్పటికే ఉన్నారు. తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఇవాళ్టికీ ఒక్కో పాట నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. ఆ రాగాలకు తోడుగా హార్మోనియం వచ్చింది, చర్చిలోనూ, నాటకాల్లోనూ, భజన మందిరాల్లోనూ కుదురుకుంది. ఆకాశవాణి మాత్రం గమకం పలకదనీ, శ్రుతి బిగుసుకుపోయి ఉంటుందనీ 1940లో దాన్ని వెలివేసింది. 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. ఇవాళ కీబోర్డు మీద వేస్తున్న ప్రశ్నలు అప్పుడు హార్మోనియం మీద వేసినవే. హార్మోనియం మన దగ్గర నిలబడింది రేడియో ఒప్పుకుందని కాదు, పద్యం అందుకున్న గొంతును వదలకుండా వెంట నడిచింది కాబట్టి. కీబోర్డును తూచడానికీ నాకు ఆ తూకమే సరైనదనిపిస్తుంది.

ఇక వాదాల్లోకి. అందరి నోటా వినిపించేది ‘యమహా తీపి, కోర్గ్ బరువు’ అన్న మాట. ఇందులో నిజం లేకపోలేదు. యమహా పియానో, వేణువు, సాక్సఫోన్, తీగల గుంపు ఒక్కొక్కటీ పాలిష్ పట్టినట్టు, అంచులు తేలకుండా వస్తాయి. కోర్గ్ డ్రమ్ములు ముందుకు పొడుచుకొస్తాయి, బేస్ గిటారు గుండె మీద కొడుతుంది, సింథ్ లీడ్‌లు పదునుగా ఉంటాయి. అయితే ఈ తేడాలో చాలా భాగం ఫ్యాక్టరీలో కలిపి పంపిన ఈక్వలైజర్‌దీ, కంప్రెసర్‌దీ, రివర్బ్‌దీ. రెండింటిలోనూ వాటిని పూర్తిగా తీసేసి, మిక్సర్‌లో రెండు చానళ్లనూ ఒకే మట్టానికి తెచ్చి, వాయించేది ఎవరో కనిపించకుండా వినిపిస్తే పియానోలను వేరుపట్టడం అనుభవజ్ఞులకే కష్టమవుతుంది. డ్రమ్ముల్లో మాత్రం తేడా అప్పటికీ నిలుస్తుంది, కోర్గ్‌దే పైచేయి. ఇక్కడ మట్టం సరిచూడటం తప్పనిసరి. రెండు శబ్దాల్లో రవ్వంత గట్టిగా మోగినదే చెవికి మంచిదిగా తోస్తుంది. దుకాణంలో జరిగే పోలికలు చాలామటుకు ఈ ఒక్క కారణంతోనే చెల్లకుండా పోతాయి. ఫోన్‌లో చూసే వీడియోల సంగతి సరేసరి.

అంకెల వాదం మీద ఎక్కువసేపు నిలబడనక్కర్లేదు. ఎస్‌ఎక్స్700లో 986 వాయిస్‌లు, 400 స్టైళ్లు. పీఏ700లో 1700 పైచిలుకు శబ్దాలు, 370 పైచిలుకు స్టైళ్లు. రెండింటిలోనూ ఒకేసారి 128 స్వరాలు మోగుతాయి, రెండింటికీ 61 మెట్లే, ఏడంగుళాల టచ్ తెరే. ఒక వాయిద్యకారుడు ఏడాది పొడవునా వాడే శబ్దాలు ముప్పై దాటడం నేను చూడలేదు. ఆ ముప్పై ఎలా ఉన్నాయన్నదే ప్రశ్న.

ఆ ముప్పైలో మొదటిది పాటగొంతు వెంట నడిచే లీడ్. కుడిచేతి మధ్యవేలు గాంధారం మీద ఉంది, మధ్యమానికి జారి మళ్లీ వెనక్కు రావాలి. మధ్యమం మెట్టు విడిగా నొక్కితే అది హార్మోనియం పలుకు అవుతుంది. జాయ్‌స్టిక్‌తో తోస్తే స్వరం సాగుతుంది గానీ, బెండ్ రేంజ్ రెండు అరస్వరాలుగా ఉన్నప్పుడు అరస్వరం దగ్గరే సరిగ్గా ఆపాలంటే కర్రను సగం దూరంలో నిలపాలి. అక్కడ వేలికి తగిలే ఆనవాలు ఏదీ ఉండదు, చెవే ఆధారం. వదిలేస్తే స్ప్రింగు చటుక్కున లాగేస్తుంది, స్వరం దిగడం కాస్తా కూలడం అవుతుంది. బాగా వాయించేవాళ్లు కర్రను వదలరు, బొటనవేలితో ఆనించి మెల్లగా దింపుతారు. కొందరు ఆ రాగానికి కావలసిన దూరానికే రేంజ్ ముందే కుదించుకుంటారు. రెండు పెట్టెల్లోనూ ఇది కుదురుతుంది. మెట్టును మరింత నొక్కి స్వరాన్ని కదిలించే ఆఫ్టర్‌టచ్ రెండింటిలోనూ లేదు.

యమహా సూపర్ ఆర్టిక్యులేషన్ అనీ, కోర్గ్ డీఎన్‌సీ అనీ గొప్పగా చెప్పుకునేవి ఇక్కడ ఎంతవరకు అక్కరకొస్తాయి? స్వరాలు కలిపి వాయిస్తే జారుడు తానే చేర్చడం, గట్టిగా కొడితే ఊపిరి విసురు తెప్పించడం, బటన్ నొక్కితే సాక్సఫోన్‌కు ఓ విరుపు ఇవ్వడం వాటి పని. సినిమా పాటకు అందంగా అమరుతాయి. మోహనలోనో ఆనందభైరవిలోనో సాగే కీర్తనకు వచ్చేసరికి ఆ జారుడు మనం కోరని చోట పడుతుంది. కీర్తనకు నేనైతే అవి లేని మామూలు వేణువునే తీసుకుంటాను. ఆ పూటకు యమహా వేణువు నాకు ఎక్కువ నచ్చుతుంది. స్వరం పట్టుకున్న తర్వాత సన్నగా, నిలకడగా ఉంటుంది, కర్ర కదిపినప్పుడు రంగు మారదు. సన్నాయి, సింథ్ లీడ్ అయితే కోర్గ్‌దే. అక్కడ జుర్నా కోసం పడ్డ శ్రమ మన సన్నాయికి కొంత కలిసొచ్చింది.

రాగానికి ఇంకో గండం ఎడమచేతి వైపు నుంచి వస్తుంది. స్టైల్‌కు మేజరో మైనరో చెప్పి తీరాలి. పాటలో గాంధారమే లేని చోట కూడా వెనక గిటారు దాన్ని పలికేస్తుంది. భజనలకు వాయించే అనుభవజ్ఞులు అందుకే గిటారు, తీగల చానళ్లు ఆపేసి డ్రమ్ము, బేస్ మాత్రమే ఉంచుకుంటారు. ఆ సంగతి కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. ఏ కంపెనీ కొనాలన్న సలహా కన్నా ముందు అందాల్సిన సలహా ఇది.

అసలు చిక్కు దరువు దగ్గర ఉంది. సుద్దాల హనుమంతు నాటి నుంచి గోరటి వెంకన్న దాకా ఈ రెండు జిల్లాల పాట డప్పు మీద, కాలి అడుగు మీద నడిచింది. తిశ్రంలో ఊగే నడక ఎక్కువ. పైగా చివరి చరణానికి వచ్చేసరికి గాయకుడు వేగం పెంచుతాడు, డప్పు కొట్టేవాళ్లు అతని అడుగు చూసి అందుకుంటారు. అరేంజర్‌లో వేగం ఒక అంకె. ట్యాప్ బటన్ ఉంది, టెంపో మార్చుకునే వీలుంది, కానీ రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు దాన్ని తాకేదెవరు? అందుకే జానపద వేదికల మీద కీబోర్డుతో పాడేటప్పుడు పాట పొడుగునా ఒకే వేగంలో గడ్డకట్టుకుని ఉంటుంది. వినేవాళ్లకు ఏదో తగ్గిందని తెలుస్తుంది, ఏం తగ్గిందో తెలియదు. గాయకుడి అడుగును తానే అందుకునే మందు యమహా, కోర్గ్ రెండింటిలోనూ లేదు. స్టైల్ డ్రమ్ము ఆపేసి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి ప్యాడ్ మీదనో, నిజం డప్పు మీదనో కొట్టించుకోవడమే మేలైన దారి.

ఇక డప్పు శబ్దం. యమహా చిన్న కీబోర్డుల స్టైల్ జాబితాల్లో తమిళ్, కేరళ, రాజస్థాన్, భాంగ్రా, దాండియా, ఖవ్వాలీ పేర్లు కనిపిస్తాయి. మన తీన్‌మార్ దరువు పేరుతో ఒక్క స్టైల్ నేను చూసిన ఏ జాబితాలోనూ లేదు. దాంతో మనవాళ్లు ఢోలక్ కిట్‌లోనిదో, ఏ టామ్‌టామ్‌నో తెచ్చి డప్పు అనిపిస్తున్నారు. డప్పు అలా పలకదు. కుడిచేతిలో లావుపాటి చిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. చిర్ర చర్మం నడుమ దిగితే ఒక గుండెధ్వని, అంచు మీద పడితే ఇంకొకటి, సిటికెన పుల్ల పక్కన తగిలించే చిటపట మూడోది. మూడూ కలిసి వినిపించేదే దరువు. కొట్టబోయే ముందు గడ్డిమంట మీద కాచి మేకతోలు బిగుసుకునేలా చేస్తారు. కాచిన వెంటనే పలుకు ఎత్తుగా, గణగణమంటూ ఉంటుంది. ఊరేగింపు సాగే కొద్దీ తోలు సడలి కిందికి దిగుతుంది, మళ్లీ మంట దగ్గరికి పోతారు. ఆ ఎత్తుపల్లాలు జనం చెవికి అలవాటే. ఒకే దెబ్బను రికార్డు చేసి వందసార్లు మోగిస్తే అది డప్పు బొమ్మ అవుతుంది.

మన శబ్దం మనమే ఎక్కించుకోవచ్చా? ఇక్కడ రెండు పెట్టెలకూ అసలైన తేడా కనిపిస్తుంది, దీన్ని చర్చించేవాళ్లే తక్కువ. కోర్గ్‌లో శాంపిల్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో తెచ్చి, పెట్టెలోనే మెట్ల మీద పరిచి, డ్రమ్ కిట్టుగా కట్టుకోవచ్చు. యమహా ఎస్‌ఎక్స్‌లో అదే పనికి కంప్యూటర్ మీద ఎక్స్‌పాన్షన్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. అక్కడ ప్యాక్ తయారుచేసి కీబోర్డులోకి దింపాలి. ల్యాప్‌టాప్ ఉన్నవారికి యమహా దారి నీటుగా, పదిలంగా ఉంటుంది. లేనివారికి కోర్గే దారి. చిన్న ఐ455 వాడేవారికి ఇలా డ్రమ్ కిట్ కట్టుకునే దారే లేదు. వాళ్లు ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చిన దాంతోనే సరిపెట్టుకోవాలి. నా మట్టుకు నాకు, జానపదం వాయించే మనిషి పీఏ700 వైపు మొగ్గడానికి ఇంతకన్నా బలమైన కారణం కనిపించదు.

ఇప్పుడు మైకుసెట్టు. కీబోర్డుల శబ్దం గురించి రాసేవాళ్లంతా హెడ్‌ఫోన్‌లు పెట్టుకుని రాస్తారు. మన శ్రోత వినేది వేపచెట్టుకు కట్టిన హారన్ నుంచి. అహూజా హారన్‌లోంచి వచ్చేది గొంతుకు కావలసిన నడిమి శ్రేణి. కింది గుమ్మటం అందులో పలకదు. మూడువందల హెర్ట్జ్‌ల కింద ఏముందన్నది దానికి దాదాపు పట్టదు. అంటే కోర్గ్ బేస్ గిటారు, కిక్ డ్రమ్ము పేరుమీద పెట్టిన డబ్బు హారన్‌ల సభలో వినిపించదు. దేని కిక్ చూసినా అక్కడ ‘టక్’ అనే ముక్క ఒక్కటే చెవిన పడుతుంది. యమహా పియానో, వేణువు నడిమి శ్రేణిలో తేటగా ఉంటాయి కాబట్టి అలాంటి చోట గెలుస్తాయి. అదే పెళ్లి బరాత్‌లో డీజే బాక్సులు, సబ్‌ఊఫర్లు పెట్టినప్పుడు లెక్క తిరగబడుతుంది. అక్కడ కోర్గ్ ముందు యమహా స్టైళ్లు పలచగా తోస్తాయి. ఒకే వాయిద్యకారుడు ఆదివారం పొద్దున చర్చిలో యమహా మేలనీ, ఆ రాత్రి బరాత్‌లో కోర్గ్ మేలనీ అంటే రెండూ నిజమే.

తీగ కలిపే దగ్గర జరిగే నష్టం ఇంకా పెద్దది. ఐ455లో హెడ్‌ఫోన్‌కూ, బయటి అవుట్‌పుట్‌కూ ఒకే స్టీరియో రంధ్రం. మైకుసెట్టు అబ్బాయి దగ్గర ఉండేది మోనో జాక్. దాన్ని అందులో గుచ్చితే ఎడమ చానల్ ఒక్కటే బయటికొస్తుంది. పియానో పైమెట్లు సన్నగిల్లుతాయి, స్టైల్‌లో కుడివైపు సర్దిన వాద్యాలు వెనక్కు పోతాయి. వాయించేవాడు కంపెనీని తిడతాడు, పాడేవాడు వాయించేవాడిని తిడతాడు. ఎస్‌ఎక్స్700లో ఎడమ, కుడి రంధ్రాలు విడిగా ఉన్నాయి. ఎడమదాని పేరే ఎల్/ఎల్ ప్లస్ ఆర్. అందులో ఒక్క తీగ గుచ్చితే రెండు చానళ్లూ కలిసే వస్తాయి. ఏది వాడినా, రెండు చానళ్లు కలిపినప్పుడు కొన్ని విశాలమైన స్టీరియో పియానోలు, కోరస్ వేసిన తీగలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని బోలుగా అయిపోతాయి. కొనేముందు దుకాణంలో ఒక పని చేయాలి. మిక్సర్‌లో రెండు చానళ్లనూ నడిమికి తెచ్చి, ఒకే స్పీకర్‌లో ఆ ముప్పై శబ్దాలూ వినాలి. హెడ్‌ఫోన్‌లో మురిపించినవి కొన్ని అక్కడ రాలిపోతాయి. రేకుల షెడ్డు చర్చిలో అయితే కీబోర్డు రివర్బ్ పూర్తిగా తీసేయాలి. ఆ రేకులిచ్చే ప్రతిధ్వని చాలదన్నట్టు మిక్సర్ ఎకో కూడా ఉంటుంది. మూడూ కలిస్తే ఏ కంపెనీదో గుర్తుపట్టే అవకాశమే ఉండదు.

ఎండ సంగతి క్లుప్తంగా. యమహా మాన్యువల్‌లో పెట్టె పని చేసే వేడిమి 5 నుంచి 40 డిగ్రీల దాకా అని రాసి ఉంటుంది. మే నెలలో నల్లగొండ 44 దాటడం వింతేమీ కాదు. షామియానా నీడలో కూడా నల్లటి పెట్టె మీద చేయి నిలవదు. మీద తడిపి పిండిన గుడ్డ కప్పేవాళ్లను చూశాను. అది ప్రమాదం, పొడి తెల్లగుడ్డ చాలు. పెద్ద పెట్టెలు రెండూ కరెంటు మీదే బతుకుతాయి, పోతే స్టైల్ నడిమధ్యలో ఆగిపోతుంది. చిన్న ఐ455 బ్యాటరీలతోనూ నడుస్తుంది, పల్లె సభల్లో అది దాని పెద్ద బలం. రిపేరు వస్తే నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్ల దూరం హైదరాబాద్ పోవాల్సిందే. పాత యమహా అమ్మితే ధర నిలబడుతుందన్న మాట వాడకందార్ల దగ్గర ఎక్కువగా వినిపిస్తుంది. శబ్దానికి దాంతో పని లేకపోయినా కొనేవారికి పని ఉంది.

నన్నడిగితే కీర్తనలకు, భజనలకు, గొంతుకు తోడుగా మెత్తగా నడవాల్సిన వారు ఎస్‌ఎక్స్700 తీసుకోవడం మంచిది. ల్యాప్‌టాప్ తోడుంటే మరీ మంచిది. ఆర్కెస్ట్రాలకు, బరాత్‌లకు, సొంత శబ్దాలు ఎక్కించుకునే ఓపిక ఉన్నవారికి పీఏ700. నేర్చుకునే పిల్లలకు ఐ500 చాలు, లక్ష పెట్టొద్దు. జానపదానికి మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఏ పెట్టే సరిపోదని గట్టిగా చెబుతాను.

ఆ లోటు పూడ్చే పని జపాన్‌వాళ్లో ఇటలీవాళ్లో చేయరు, ఇక్కడే జరగాలి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య వాయించే పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఏడాది భీమ్లా నాయక్ సినిమా పాటతో ఆయన గొంతు రాష్ట్రమంతా తెలిసింది. వెదురు దండ, ఎండిన సొరకాయ బుర్రలు, ఆ తీగ కొసన వినిపించే జివ్వుమనే పలుకు. ఆ మెట్ల దూరాలు కీబోర్డు మెట్ల దూరాలతో సరిపోవు. రెండు పెట్టెల్లోనూ ఒక్కో స్వరాన్ని కొంచెం పైకీ కిందికీ జరిపే స్కేల్ ట్యూనింగ్ ఉంది కాబట్టి, కొలిచి పెడితే ఆ దూరాలనూ పట్టుకోవచ్చు. డప్పుకూ అంతే. పేరున్న కొట్టేవాళ్లను పిలవాలి, కూలీ కాకుండా కళాకారుల పారితోషికం ఇవ్వాలి, ప్యాక్ మీద వాళ్ల పేర్లు వేయాలి. కాచిన వెంటనే కొన్ని దెబ్బలు, గంట తర్వాత కొన్ని, చిర్ర నడిమి దెబ్బ, అంచు దెబ్బ, సిటికెన పుల్ల విడిగా, ఒక్కొక్కటీ మెత్తగా మొదలుపెట్టి గట్టిదాకా పలుమార్లు రికార్డు చేయాలి. చోటు చాలదనే భయం అక్కర్లేదు. సీడీ నాణ్యతలో మోనో రికార్డింగు నిమిషానికి ఐదు మెగాబైట్ల పైచిలుకు. ఎస్‌ఎక్స్700లో సొంత శబ్దాలకు ఇచ్చిన 400 మెగాబైట్లలో సెకను నిడివి దెబ్బలు నాలుగు వేలకు పైగా పడతాయి. డప్పుకు నాలుగు వందలు చాలు, మిగతా చోటు కిన్నెరకు ఉంటుంది.